గంట పోత నాటి ఒట్టు

జ్వోనొవో,
1917 జనవరి 20

పట్నపు తమ్ముడు యెవ్‌సేయ్‌కి,

అక్క గ్లఫీరా రాస్తోంది. పొయ్యి పక్కనే కూర్చున్నా సిరా గడ్డకడుతోంది, అక్షరాలు వంకరపోతే వేళాకోళం చేయకు. పెత్రోగ్రాద్‌లో రొట్టె కోసం బారులు తీరుతున్నారని రాశావు. ఇక్కడ రై పిండి ఉంది, క్యాబేజీ పులుసు ఉంది, నాన్న తిట్లు ఉన్నాయి. దేనికీ లోటు లేదు.

అసలు సంగతికి వస్తాను. మన చర్చి పెద్ద గంట క్రిస్మస్ నాడు పగిలింది. ఊరంతా సిలువ గుర్తు వేసుకోబోతుంటే చిల్లికుండలా డొక్కుమంది. దాన్ని కరిగించి మళ్లీ పోసే పని మన కార్ఖానాకే వచ్చింది. నూట ఎనభై పూడ్ల బరువు, ఆరు గుర్రాలు లాగితే గానీ కదలదు. నాన్న చేతులు వణుకుతున్నాయి కాబట్టి ఈసారి పోతంతా మీ బావ లుక్యాన్ చేతి మీదుగానే జరగాలి. పదేళ్ల నుంచి ఆయన గంటలు పోస్తున్నా "నా అల్లుడు పోశాడు" అన్న మాట నాన్న నోట ఒక్కసారి రాలేదు. ఇది బాగా మోగితే వస్తుందేమోనని ఆయన ఆశ. గంట మూస అంచు చుట్టూ మైనపు అక్షరాలు నేనే అతుకుతున్నాను, "సర్వ రష్యా చక్రవర్తి నికొలాయ్ అలెగ్జాండ్రొవిచ్ ఏలుబడిలో" అని. పైన కిరీటం. కింద తేదీకి చోటు వదిలాను.

ఇక అబద్ధం సంగతి. పట్నం నీళ్లు తాగి మరిచిపోయావేమో, గుర్తు చేస్తున్నాను. పోతకి ముందు మనవాళ్లు ఊరి మీదికి ఒక అబద్ధం వదలాలి. అది ఎంత దూరం పాకితే గంట అంత దూరం వినిపిస్తుంది. చెప్పేవాడు సిలువ మీద ఒట్టు పెట్టి మరీ చెప్పాలి. అందుకే కదా మన ఇంట్లో నిజం చెప్పేటప్పుడు ఎవరూ ఒట్టు పెట్టరు. కిందటిసారి ఫాదర్ గారి కింద పనిచేసే డీకన్ గారి పెళ్లాం గుడ్డు పెట్టిందన్నాం. మూడు ఊళ్లు దాటేసరికి పిల్ల కూడా వచ్చేసింది. ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడదు.

ఈసారి ఎవరికీ ఏమీ తోచడం లేదు. నువ్వు రాజధానిలో ఉన్నావు, పత్రికలకి సీసపు అక్షరాలు పేరుస్తున్నావు. ఒక మంచి అబద్ధం పంపు. అబద్ధమాడినా అతికినట్టుండాలి సుమా.

గ్లఫీరా


పెత్రోగ్రాద్,
1917 మార్చి 4

అక్కా,

నిలబడి రాస్తున్నాను. మా అచ్చాఫీసులో కుర్చీలన్నీ వీధికి అడ్డంగా గోడ కట్టడానికి పట్టుకుపోయారు.

జార్ సింహాసనం వదిలేశాడు. తన తమ్ముడికి ఇచ్చాడు, ఆ తమ్ముడు నాకొద్దన్నాడు. ఇప్పుడు దాని మీద ఎవరూ లేరు. ఆ ప్రకటన ఈ చేతులతో నేనే పేర్చాను. తప్పు పేర్చానేమోనని మూడుసార్లు చదివాను. "చదవడానికి నీకెవడు జీతమిస్తున్నాడ్రా, పేర్చు" అని మా మేస్త్రీ కసిరాడు. తర్వాత తనే చదివి టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

వీధిలో సైనికులు తుపాకులకి ఎర్రగుడ్డలు కట్టుకుని తిరుగుతున్నారు. ఎవరు ఎవరిని కాల్చాలో తెలియక ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. నన్ను కూడా ఒకడు ముద్దుపెట్టుకుని, నా గడియారం కొట్టేశాడు. సంతోషించాలో భయపడాలో అర్థం కావడం లేదు. పొద్దుటి నుంచి రెండూ చేస్తున్నాను.

నువ్వు నమ్మవని తెలుసు. నమ్మక్కా. సిలువ మీద ఒట్టు. నాన్న మీద ఒట్టు.

నీ తమ్ముడు


జ్వోనొవో,
1917 మార్చి 13

మా ఇంటి అబద్ధాల పుట్టకి,

పొట్టలు చెక్కలయ్యాయిరా! పెద్ద ఉపవాసం రోజుల్లో ఇంత నవ్వితే ఎంత పాపమో ఫాదర్ గారినే అడగాలి, కానీ ఆయనే అందరికంటే ఎక్కువ నవ్వాడు.

నీ ఉత్తరం ఎనిమిదో తేదీన, మంచు తుపానులో, పోతకి సరిగ్గా ముందు రోజు చేరింది. నాన్న గట్టిగా చదవమన్నాడు. ఒట్టు దగ్గరికి రాగానే తొడ మీద చరుచుకున్నాడు. "ఒట్టు పెట్టాడే! సీసంలో చేతులు పెట్టుకున్నా వాడి ఒంట్లో పారేది గంటల కంచే!" అన్నాడు. నిన్ను మెచ్చుకుంటూ ఆయన ఒక మాట అనడం నేను వినడం అదే మొదలు. అసలు ఆ కుర్చీల సంగతి ఎలా తట్టిందిరా నీకు? తమ్ముడు నాకొద్దన్నాడట! సింహాసనమంటే ఎంగిలి సూపా, నాకొద్దనడానికి!

గంటసేపు తిరక్కుండా ఊరంతా పాకించాం. కానిస్టేబుల్ మీసం మెలేస్తూ వచ్చి, "లుక్యాన్, గుడ్డు పెట్టించావు, ఊరుకున్నాను. జార్‌గారి జోలికి పోతే తోలు తీస్తాను" అన్నాడు. "గంట పోస్తున్నాం బాబూ" అన్నాడు మీ బావ. "ఆ, అయితే సరే" అని వోద్కా తాగి వెళ్లాడు.

తొమ్మిదో తేదీన పోశాం. మార్చి 9 అని అంచు మీద నేనే అతికాను. నిన్న గుంటలోంచి తీసి దూలానికి కట్టి మోగించాం. యెవ్‌సేయ్, నువ్వు వినాల్సింది. నది అవతలి నుంచి జనం పరుగెత్తుకొచ్చారు. నాన్న గంట చుట్టూ ఒకసారి తిరిగి అరచెయ్యి ఆనించాడు. తర్వాత "నా అల్లుడు పోశాడు" అన్నాడు. మీ బావ కార్ఖానా వెనక్కి వెళ్లి ఏడ్చాడు. ఇదంతా నీ అబద్ధం చలవే, నిన్ను తల్చుకోని వాళ్లు లేరు.

ఇంతవరకూ పొద్దున్న రాశాను. ఇప్పుడు మధ్యాహ్నం. స్టేషన్ నుంచి స్లెడ్జి బండివాడు పత్రికలు తెచ్చాడు. తమ్ముడూ, ఏమిటిది? నువ్వు రాసిందే అచ్చులో ఉంది. పత్రికలో కూడా నీ అబద్ధమే వేయించావా? ఫాదర్ గారు ప్రార్థనలో జార్ పేరు దగ్గరికి వచ్చి నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. కానిస్టేబుల్ బిళ్ల తీసి జేబులో పెట్టుకున్నాడు, పారేయలేదు.

నిజమా? అయితే ఒట్టెందుకు పెట్టావు?

గ్లఫీరా


పెత్రోగ్రాద్,
1918 ఫిబ్రవరి 14 (నిన్న జనవరి 31. నన్నడగకు, అలా మార్చారు.)

అక్కా,

ఒట్టెందుకు పెట్టానని ఏడాది నుంచి ఉత్తరం తర్వాత ఉత్తరంలో అడుగుతున్నావు. కంగారులో పెట్టాను. నువ్వు అబద్ధం అడిగిన సంగతి కూడా తర్వాత గుర్తొచ్చింది. ఊరొదిలి తొమ్మిదేళ్లయింది, ఇక్కడ అందరూ ప్రతిదానికీ ఒట్టు పెడతారు. నాకూ ఆ అలవాటే అంటుకుంది. తప్పు నాదే.

ఈ ఏడాదిలో ఒకే పెట్టెలోని అక్షరాలతో మూడు ప్రభుత్వాలకి అచ్చు పేర్చాను. పొద్దున ఒకరి ఆజ్ఞ, సాయంత్రం దాన్ని రద్దు చేసే ఇంకొకరి ఆజ్ఞ. మా మేస్త్రీ టోపీ తీయడం మానేశాడు. జనం ఓట్లేసి పంపిన సభ ఒక్కరోజు కూర్చుంది. మర్నాడు తలుపుకి తాళం. అది మంచికే అంటున్నారు. నేను బోల్షెవిక్ పార్టీలో చేరాను. ఎవరో ఒకరు గట్టిగా, అనుమానం లేకుండా మాట్లాడితే వినాలనిపించింది. వీళ్లు అలా మాట్లాడతారు.

గంట మీద ఆ పేరు, కిరీటం అరగదీయించు. బావతో చెప్పు. ఇది వేళాకోళం కాదు.

యెవ్‌సేయ్


జ్వోనొవో,
1918 జూన్ 30 (పాత లెక్కనో కొత్త లెక్కనో నాకు తెలియదు)

తమ్ముడూ,

నాన్న పోయాడు. పెంతెకోస్తు పండగకి ముందు శనివారం. బాధపడలేదు. కార్ఖానా ప్రజల ఆస్తి అని తలుపు మీద కాగితం అంటించి వెళ్లిన రోజు నుంచి పొయ్యి పైనున్న వెచ్చని పడక దిగలేదు. "ఎక్కడో గంట పోస్తున్నారే అమ్మా. ఏడాదైనా ఈ అబద్ధం ఆగలేదంటే అదెంత గంటో! పోత అయిపోగానే అంతా సర్దుకుంటుంది, చూస్తూ ఉండు" అనేవాడు. చివరి రోజున చెవి అటు పెట్టి, ఇంకా మోగలేదా అని అడిగాడు. లేదు నాన్నా అన్నాను.

గంట సంగతి. ఆకురాయి పెడితే గొంతు పోతుందని మీ బావ ససేమిరా అంటున్నాడు. "నాన్నగారు నా పేరెత్తింది ఆ గంట విని. దాన్ని గీకితే నన్ను గీకినట్టే" అంటాడు. ఎద్దుని ఒప్పించవచ్చు, ఆయన్ని ఒప్పించలేం. గోపురం పైకెక్కి అంచు చదివేవాడెవడు? పావురాలు తప్ప. అక్షరాల మీద తారు పూశాడు, అంతవరకు సాధించాను.

ఇప్పుడు అదే కార్ఖానాలో ఆయన జీతానికి నాగళ్లు పోస్తున్నాడు. నాగలి పోతకి అబద్ధం అక్కర్లేదని నవ్వుతాడు. మరి ఊరి మీద పాకుతున్న ఈ అబద్ధాలన్నీ దేనికోసమో ఆయనకీ తెలియదు.

గ్లఫీరా


మాస్కో,
1929 అక్టోబరు 11

అక్కా,

క్లుప్తంగా రాస్తున్నాను. ఇప్పుడు నేను అచ్చుశాల మొత్తానికి అధికారిని. పార్టీలో ప్రక్షాళన జరుగుతోంది. ఒక్కొక్కరినీ అందరి ముందు నిలబెట్టి, నీ తండ్రి ఎవరు, ఏం చేసేవాడు అని అడుగుతున్నారు. నాన్న కూలీ అని పదేళ్ల కిందటే ఫారంలో రాశాను. యజమాని కొడుకునని తేలితే నా పని అయిపోయినట్టే. ఇకనుంచి ఉత్తరాల్లో "నాన్న కార్ఖానా" అని రాయకు. అసలు రాయడమే తగ్గించు. నేను రాసినవి కాల్చెయ్. నీవన్నీ నేను కాల్చేశాను.

నన్ను తిట్టుకోకు. నిన్నటి వరకు మేం బొమ్మలు అచ్చేసిన వాళ్ల పేర్లే ఇవాళ పలకకూడదంటున్నారు. ఏది నమ్మాలో నాకూ అంతు చిక్కడం లేదు, కానీ చేయి ఎత్తమన్నప్పుడల్లా ఎత్తుతున్నాను.

యె.


జ్వోనొవో,
1930 ఫిబ్రవరి 9

తమ్ముడూ,

దీన్ని తపాలాలో వేయడం లేదు. మా పొరుగింటి ఉస్తీన్యా మాస్కో బట్టల మిల్లులో పనికి చేరింది, తిరిగి వెళ్తూ తనే నీ చేతికిస్తుంది. రాయొద్దన్నావు. రాయక తప్పలేదు.

కిందటి నెల గంటలు దించేశారు. కరిగించి ట్రాక్టర్లు చేస్తారట. మన గంట పడ్డప్పుడు నేల అదిరి, మా కిటికీ అద్దం పగిలింది. దెబ్బకి తారు ఊడి అక్షరాలు బయటపడ్డాయి. జిల్లా నుంచి వచ్చిన కుర్ర అధికారి వంగి చదివాడు. చక్రవర్తి ఏలుబడి, కిరీటం, 1917 మార్చి 9. చదివి, వేళ్ల మీద లెక్కేశాడు. "జార్ దిగిపోయింది మార్చి రెండున. వారం తర్వాత అతని పేరుతో గంట పోశారంటే ఇది ఎవరి కుట్ర?" అన్నాడు. లుక్యాన్‌ని పట్టుకుపోయారు. ఇల్లు సోదా చేస్తే దేవుడి పటం వెనక నీ ఉత్తరం దొరికింది, మార్చి 4 నాటిది. నేను దాన్ని కాల్చలేదు. నాన్న నిన్ను మెచ్చుకున్న ఉత్తరం, ఎలా కాల్చను? ఇప్పుడదే ఆయన మెడకి ఉచ్చయింది. కవరు మీద ఎనిమిదో తేదీ ముద్ర ఉంది. "అంటే తెలిసే పోశారన్నమాట" అంటున్నాడు ఆ కుర్రాడు.

ఒట్టు చూసి అబద్ధమనుకున్నాం బాబూ అని చెప్పాను. అతను సైబీరియాలో పుట్టి పెరిగినవాడు, గంటల సంగతి తెలియదు. "ఒట్టు పెడితే అబద్ధమా? నాకు పిచ్చనుకున్నావా తల్లీ? రుజువు చూపించు" అన్నాడు. రాసిన తమ్ముడెవరని అడిగాడు. యుద్ధంలో చచ్చిపోయాడని చెప్పాను. ఒట్టు కూడా పెట్టాను. గంట లేకుండా నేను పెట్టిన ఒట్టు అదొక్కటే.

రుజువు ఒక్కటే ఉంది, మార్చి 13న నేను నీకు రాసిన ఉత్తరం. మేం నవ్వింది, కానిస్టేబుల్ అన్నది, పత్రిక చూసి నేను కంగారుపడ్డది అన్నీ అందులో ఉన్నాయి. తపాలా ముద్రతో సహా. దాన్ని కాల్చేశానని రాశావు. అది నిజమా, గంట అబద్ధమా? నాకు తెలియక అడుగుతున్నాను.

అది బయటికొస్తే నువ్వెవరి కొడుకువో కూడా బయటికొస్తుంది. నేనేం అడుగుతున్నానో నాకు తెలుసు. అడక్కుండా ఉండలేను. ఆయనకి యాభై ఎనిమిదేళ్లు, వచ్చే నెల బండిలో ఉత్తరాది మంచు శిబిరాలకి పంపేస్తారట.

గ్లఫీరా


మాస్కో,
1930 ఫిబ్రవరి 21

పౌరురాలు గ్లఫీరా గారికి,

మీ ఉత్తరం అందింది. మీరెవరో నాకు తెలియదు. నాకు అక్క లేదు. మీరు చెబుతున్న ఉత్తరం నా దగ్గర లేదు, ఎప్పుడూ లేదు. ప్రజా శత్రువులతో నాకు ఏ సంబంధమూ లేదు. దయచేసి ఇకమీదట నాకు రాయవద్దు.

ఇదంతా నిజమని సిలువ మీద ఒట్టు.

యె.


జ్వోనొవో,
1930 మే 4

నా తమ్ముడికి,

నీ ఉత్తరం తపాలాలో వచ్చింది, ఎవరో విప్పి మళ్లీ అంటించిన కవరులో. మొదటి నాలుగు వాక్యాలు చదివి పొయ్యిలో పడేయబోయాను. రెండు రోజులు నిన్ను తిట్టాను. నోటికి రాని తిట్టు లేదు. మూడో రోజు బుద్ధొచ్చి చివరి వరకు చదివాను. పార్టీ మనిషి సిలువ మీద ఒట్టు పెట్టడమేమిటి? అప్పుడు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. అయినా పూర్తిగా నమ్మలేకపోయాను. పదమూడేళ్ల కిందట కూడా నువ్వు ఒట్టు పెట్టావు, అది నిజమైంది కదా. ఆ ఒట్టు ఇటు తిప్పినా అర్థమయ్యేది, అటు తిప్పినా అర్థమయ్యేది. నా బుర్ర కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది.

మార్చిలో ఆ కుర్ర అధికారి కబురు పెట్టాడు. బల్ల మీద నా ఉత్తరం ఉంది. మార్చి 13 నాటిది, నా వంకర అక్షరాలు, తపాలా ముద్ర. ఎన్నిసార్లు మడిచి విప్పావో, మడతల దగ్గర చిరిగిపోయింది. పక్కనే నీ చేతిరాతతో ఒక కాగితం. చదవనిచ్చాడు. "నేను కార్ఖానా యజమాని కొడుకుని. ఫారంలో అబద్ధం రాశాను. 1917 మార్చి 4న మా ఇంటి ఆచారం మరిచి ఒట్టు పెట్టింది నేను. ఆ పోతకి కారణం నా ఒట్టు, లుక్యాన్ కాదు. ఇది రాస్తున్నందుకు నాకేమవుతుందో తెలుసు." కింద నీ పూర్తి పేరు, మాస్కో చిరునామా. మొదటి నుంచి చివరి వరకు రెండుసార్లు వెతికాను. ఆ కాగితంలో ఎక్కడా ఒట్టు లేదు.

"ఇంత తెలివితక్కువ జనాన్ని నేనెక్కడా చూడలేదు" అన్నాడు కుర్రాడు. తర్వాత నవ్వాపుకోలేక, "డీకన్ పెళ్లాం నిజంగా గుడ్డు పెట్టిందని నమ్మారా?" అని అడిగాడు. పిల్ల కూడా వచ్చిందని చెప్పాను. వారం తర్వాత లుక్యాన్‌ని వదిలేశారు.

ఆయన ఇంట్లో ఉన్నాడు. దగ్గుతున్నాడు, పులుసు తాగుతున్నాడు. గంట ముక్క ఒకటి, అరచేయంత, గోపురం కింద మంచు కరిగాక దొరికింది. వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటాడు. "నీ తమ్ముడికి వినిపించాలి" అంటాడు.

నీకు మూడు ఉత్తరాలు రాశాను. మూడూ తిరిగొచ్చాయి, ఈ చిరునామాలో ఎవరూ లేరని. ఈస్టర్ అయ్యాక ఉస్తీన్యా ఊరికొచ్చింది. నీ గది తలుపుకి కాగితం అంటించి, మైనపు ముద్ర వేసి ఉందట. మార్చిలో నిన్ను తీసుకెళ్లారని పక్కింటావిడ గుసగుసగా చెప్పిందట. తర్వాత ఇంకేదో కూడా చెప్పిందట. అది ఉస్తీన్యా నాకు చెప్పలేదు.

"ఎక్కడో గంట పోస్తున్నార్లే" అన్నాను. నవ్వాను కూడా. ఆ పిల్ల నవ్వలేదు. "సరే, నిజమైతే సిలువ మీద ఒట్టు పెట్టు" అన్నాను. ఆమె మన ఊరి పిల్ల, ఒట్టంటే ఏమిటో తెలిసిన పిల్ల. నేను చేతులు పట్టుకుని, "పెట్టవే, నీ కాళ్లు మొక్కుతాను, ఒట్టు పెట్టు" అని బతిమాలాను. తల దించుకుని నిలబడింది గానీ పెట్టలేదు.

యెవ్‌సేయ్, ఈ ఉత్తరం కూడా తిరిగొస్తుందేమో. అయినా పంపుతున్నాను. ఎక్కడున్నా ఒక్క ముక్క రాయి. బతికే ఉన్నానక్కా అని రాయి. ఒట్టు మాత్రం పెట్టకు.

గ్లఫీరా